తెర పక్కన కూర్చునే మనిషి
(దాతల సమావేశంలో ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను వేదాంతం తెలిసినవాడను కాను. ముప్పై ఆరేళ్లు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల ప్రభుత్వ పాఠశాలలలో గణితం చెప్పి, చివరి కొన్నేళ్లు ప్రధానోపాధ్యాయునిగా పనిచేసి, 2020 జూన్‌లో విశ్రాంతి పొందినవాడను. ఈ వేదికపై ఇరవై నిమిషాలు మాట్లాడమని పెద్దలు ఆజ్ఞాపించారు. లెక్కల మాస్టారికి అది సగం పీరియడు కూడా కాదు. అయినా ప్రసాద వితరణ వేళను దాటనని మాట ఇస్తున్నాను.

ఈ మూడు పట్టణాలలోని పేద విద్యార్థులకు ట్యాబులు పంచాలని దాతలు సంకల్పించినట్లు, ఆ విషయమై నా అభిప్రాయం చెప్పవలసినదిగా ట్రస్టు వారు కోరారు. సంకల్పం ఉత్తమమైనది. దానిని కొంచెం మార్చమని ప్రార్థించడానికే నేను ఇక్కడ నిలబడ్డాను. అలా అడిగే ముందు నా తప్పు ఒకటి మీ ఎదుట ఒప్పుకోవాలి.

చాలా ఏళ్ల క్రితం నేను ప్రధానోపాధ్యాయునిగా ఉన్న ఒక పాఠశాలకు పది కంప్యూటర్లు విరాళంగా వచ్చాయి. లారీ దిగిన రోజున ఊరంతా వచ్చింది. కొబ్బరికాయలు కొట్టాం, తెరలకు పసుపు కుంకుమలు పెట్టాం, ఫొటోలు దిగాం. మరునాడు స్టాకు రిజిస్టరులో ఒక్కొక్క వస్తువునూ రాసుకున్నాను. మౌసులు పది, కీబోర్డులు పది, ఇన్వర్టరు ఒకటి. ఏ ఒక్కటి పోయినా, పాడైనా జవాబు చెప్పవలసినవాడిని నేను. వాటిని నడపడం తెలిసిన ఉపాధ్యాయుడు మాకు లేడు. అందుచేత గదికి తాళం వేశాను. పిల్లలు కిటికీ కమ్మీలు పట్టుకుని లోపలికి చూసేవారు. "త్వరలో తీద్దాం" అనేవాడిని. ఏటా దసరాకు ఆయుధపూజ నాడు తీసి, దుమ్ము దులిపి, బొట్టు పెట్టి, హారతి ఇచ్చి మళ్లీ మూసేవాళ్లం. మూడో ఏట తీసేసరికి బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది, తీగలను ఎలుకలు కొరికేశాయి. ఆ పది కంప్యూటర్లపై ఒక్క విద్యార్థి కూడా ఒక్క అక్షరం నేర్వలేదు. దాత మంచివాడే. పిల్లలూ మంచివారే. తాళం నాది.

ఈ కథ మా ఒక్క పాఠశాలది మాత్రమే కాదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం లక్షల సంఖ్యలో చిన్న ల్యాప్‌టాపులను కొని పల్లె బడుల పిల్లలకు ఇచ్చింది. తరువాత పరిశోధకులు వెళ్లి, ల్యాప్‌టాపులు అందిన బడులనూ అందని బడులనూ పోల్చి చూశారు. గణితంలోను, భాషలోను చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. పిల్లలు యంత్రాన్ని వాడడం నేర్చుకున్నారు, యంత్రం ద్వారా చదువు నేర్వలేదు.

అలాగని నేను యంత్రానికి విరోధిని కాను. మన దేశం ఈ దారిలో నడవడం నిన్న మొన్న మొదలుపెట్టినది కాదు. 1975 ఆగస్టు నుంచి ఒక సంవత్సరం పాటు, అమెరికా వారు ఎరువిచ్చిన ఉపగ్రహం సహాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని 2400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు అందాయి. కోళ్లగూళ్లకు వాడే ఇనుప వలతో చేసిన గొడుగులాంటి యాంటెన్నాలు ఆకాశం నుంచి బొమ్మను పట్టుకున్నాయి. నేను అప్పుడు పదో తరగతి విద్యార్థిని. మా ఊరికి ఆ పెట్టె రాలేదు, దాని గురించి విని ఆశ్చర్యపోవడమే మిగిలింది. ఏడాది తిరగగానే ఉపగ్రహం గడువు ముగిసింది. ఆ తరువాత 2004 సెప్టెంబరు 20న మన శ్రీహరికోట నుంచి విద్య కోసమే ప్రత్యేకించిన ఎడ్యుశాట్ ఉపగ్రహం నింగికెగిసింది. 'మన టీవీ' పాఠాలు బడులకు వచ్చాయి. పాఠాలు బాగుండేవి. అయితే పాఠం వచ్చే వేళకు మా ఊళ్లో కరెంటు పోయేది. కరెంటు ఉన్ననాడు మరొక చిక్కు. వెనుక బెంచీలోని పిల్లవాడు అర్థంకాక తల దించుకుంటే, తెరలోని ఉపాధ్యాయుడికి అది కనిపించదు. ఆయన తన దారిన తాను చెప్పుకుపోతాడు.

2017 సెప్టెంబరు 5న కేంద్ర ప్రభుత్వం 'దీక్ష' అనే వేదికను ప్రారంభించాక కథ మారింది. పాఠ్యపుస్తకంలో నలుపు తెలుపు గళ్ల ముద్రను ఫోనుతో చూపితే ఆ పాఠం తెరపైకి వస్తుంది. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్లీ చూడవచ్చు, పదిసార్లయినా చూడవచ్చు. చిక్కు తీరినదని నేనూ అనుకున్నాను. తీరలేదని నాకు చెప్పినది ధర్మవరంలోని ఒక అమ్మాయి.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. నా ఉద్యోగంలోని చివరి మూడు నెలలు బడి లేని బడిపంతులుగా గడిచాయి. దూరదర్శన్ సప్తగిరి ఛానల్‌లో పదో తరగతి పాఠాలు వచ్చేవి. మేము ఫోనులలోకి వీడియోలు పంపేవాళ్లం. ధర్మవరంలో ఇంటికి ఒక ఫోను ఉంటే గొప్ప, అదీ తండ్రి చేతిలో ఉంటుంది. చీర ఫొటో తీసి బెంగళూరు, చెన్నై వ్యాపారులకు పంపవలసినది దానితోనే. ఆ నెలల్లో చీరలు కొనే నాథుడు లేడు, అయినా ఏ క్షణాన ఏ బేరం వస్తుందోనని ఫోను తండ్రుల చేతి నుంచి కదలలేదు. పిల్లలకు అది రాత్రి తొమ్మిది దాటాకనే దక్కేది.

ఆ అమ్మాయి తండ్రి మగ్గం నేస్తాడు, తల్లి పక్కన సాయం కూర్చుంటుంది. అమ్మాయి పగలంతా రాట్నం తిప్పి కండెలు చుట్టి, రాత్రి ఫోను తీసుకుని త్రికోణమితి వీడియో చూసేది. ఒకనాడు నాకు ఫోను చేసింది. "సార్, పద్నాలుగు సార్లు చూస్తిని" అన్నది. "ఆయప్ప బాగానే చెప్తాండాడు సార్, నాకే యాడ మొదలుపెట్టాల్నో తెలీడం లేదు."

నేను పాఠం చెప్పబోయి ఆగి, చిన్న ప్రశ్నలు వేస్తూ వెనక్కి వెళ్లాను. త్రికోణమితి వెనుక నిష్పత్తులు, వాటి వెనుక భిన్నాలు. సగానికి సగం ఎంత అని అడిగితే మౌనం. ఐదో తరగతిలో ఎక్కడో తెగిన పోగు అది. ఐదేళ్లుగా ఆ తెగిన పోగుమీదే మేమందరం పాఠాలు నేస్తూ పోయాం. వారిలో నేనూ ఒకడిని. పద్నాలుగు సార్లు కాదు, నూట పద్నాలుగు సార్లు చూసినా ఆ వీడియో ఆమెకు అందేది కాదు.

జూన్‌లో పరీక్షలు రద్దయ్యాయి. రాష్ట్రంలోని పదో తరగతి పిల్లలందరూ ఉత్తీర్ణులైనట్లు ప్రకటించారు. ఇళ్లలో మిఠాయిలు పంచుకున్నారు. ఆ సాయంత్రం అమ్మాయి మళ్లీ ఫోను చేసి, "సార్, పాసైపోయినానంట. ఇప్పుడన్నా భిన్నాలు చెప్తారా?" అన్నది. నా ఉద్యోగ జీవితంలో నన్ను ఇంతగా కలచివేసిన ప్రశ్న మరొకటి లేదు.

విశ్రాంతి పొందిన మరుసటి నెల నుంచి ఆమె ఇంటి అరుగుమీద, మాస్కు కట్టుకుని, భిన్నాలు మొదలుపెట్టాను. చుట్టుపక్కల మరో నలుగురు చేరారు. అక్కడే నేను కూడా ఒక పాఠం నేర్చుకున్నాను. నేత కుటుంబాల వారికి ఇది కొత్తది కాకపోవచ్చు గాని, యాత్రికుల కోసం చెబుతాను.

ధర్మవరం పట్టుచీర అంచులోని హంసను, నెమలిని చూసి మురిసిపోతాము. ఆ నెమలి నేతగాడి చేతిలో కంటె ముందు మగ్గం మీది జాకార్డు అట్టలలో ఉంటుంది. అట్టకు రంధ్రం ఉన్నచోట సూది లోపలికి పోతుంది, దాని కొక్కెం లేచి పడుగు పోగును ఎత్తుతుంది. రంధ్రం లేనిచోట పోగు లేవదు. ఉన్నది, లేదు. ఈ రెండు మాటలతోనే నెమలి పింఛమంతా తయారవుతుంది. ఫ్రాన్సు దేశంలో జాకార్డ్ అనే ఆయన 1804 ప్రాంతంలో ఈ యంత్రానికి రూపమిచ్చాడు. ఆ అట్టలను చూసే ఇంగ్లండులో బాబేజ్ అనే గణితవేత్త, లెక్కలు చేసే యంత్రానికి కూడా ఇలాగే అట్టలతో ఆజ్ఞలు ఇవ్వవచ్చునని ఊహించాడు. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలను రంధ్రాలు పొడిచిన అట్టలతోనే గణించారు. నేటి కంప్యూటరు లోపల జరిగేదీ ఉన్నది, లేదు అనే ఆ రెండు మాటల లెక్కే. ముప్పై ఏళ్లు ద్విసంఖ్యామానం పేరు చెప్పి పిల్లలను నిద్రపుచ్చాను. ఆ అరుగుమీద తండ్రి పాత అట్టను ఒకదానిని వెలుతురుకు అడ్డంగా పట్టి చూపితే ఐదుగురికీ పావుగంటలో అర్థమైంది. ఇప్పుడు కొన్ని మగ్గాలకు అట్టలు లేని ఎలక్ట్రానిక్ జాకార్డులు వచ్చాయి, నెమలి చిన్న పెన్‌డ్రైవులో వస్తుంది. ఈ పిల్లలకు డిజిటల్ యంత్రం పరాయిది అనుకోవడం మన పొరపాటు. వారు దాని కిందే పుట్టి పెరిగారు.

'యాడ మొదలుపెట్టాల్నో తెలీడం లేదు' అన్న ఆ మాటకు యంత్రం ఏమైనా జవాబు చెప్పగలదా? చెప్పగలదని తెలిసింది. ఢిల్లీలో పేద పిల్లల కోసం సాయంకాలపు కేంద్రాలలో జరిగిన ఒక అధ్యయనాన్ని కార్తీక్ మురళీధరన్ గారు, వారి సహపరిశోధకులు 2019లో ప్రచురించారు. ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నట్లు అందులో తేలింది. అక్కడి కంప్యూటరు మొదట పిల్లవాడిని ప్రశ్నలడిగి, అతని చదువు ఎక్కడ ఆగిందో కనుక్కుని, అక్కడి నుంచే పాఠం మొదలుపెట్టేది. నాలుగున్నర నెలల్లో గణితంలోను, హిందీలోను పిల్లలు స్పష్టంగా ముందుకు వెళ్లారు. బాగా వెనుకబడినవారికీ మేలు కలిగింది. ఈ మాట చెప్పి చాలామంది ఆగిపోతారు. ఆ కేంద్రాలలో కంప్యూటరు ముందు గడిపే కాలం నలభై ఐదు నిమిషాలు. మరో నలభై ఐదు నిమిషాలు చిన్న బృందానికి ఒక సహాయకుడు కూర్చుని చెప్పేవాడు. ఆ సగాన్ని మరచిపోతే పెరూ కథే మిగులుతుంది.

మన ప్రభుత్వాలు కూడా యంత్రాల విషయంలో లోటు చేయలేదు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చారు. తరువాత తరగతి గదులకు పెద్ద తెరలు వచ్చాయి. కాబట్టి దాతలు మరి కొన్ని వందల ట్యాబులు ఇచ్చినా అవి సముద్రంలో కలిసే వర్షమే. ఇక పెట్టెలు కొరతగా లేవు, కొరత మరొకచోట ఉంది.

హిందూపురంలో మాకు ఎదురైనది చెబుతాను. ముగ్గురం విశ్రాంత ఉపాధ్యాయులం ఒక సత్రం గదిలో ఆరు పాత ట్యాబులతో, ఒక టీవీతో సాయంకాలపు తరగతి మొదలుపెట్టాం. అక్కడి పిల్లలలో కొందరి తండ్రులు మిరప, చింతపండు మార్కెట్లలో హమాలీలు. కర్ణాటక సరిహద్దు కావడం చేత ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు, వీడియోలో ఇంగ్లీషు. ఒక పిల్లవాడు తెలుగులో లెక్క చదివి, పెదవులు కదుపుతూ 'ఒందు, ఎరడు, మూరు' అని కూడి, జవాబును ఇంగ్లీషులో రాస్తాడు. వాడు తెలివి తక్కువవాడని బడిలో అనుకున్నారు. నా ఉద్దేశంలో మూడు భాషలు మోస్తూ లెక్క చేసినవాడు మనకంటె బలవంతుడు. మాలో కన్నడం తెలిసిన మాస్టారు పక్కన కూర్చుని రెండు మాటలు చెప్పిన తరువాతనే వాడి కళ్లకు ఆ తెర కనిపించింది.

అక్కడే మరొక పొరపాటు చేశాం. స్థాయి పరీక్ష పూర్తయ్యాక తెరమీద 'తరగతి 3' అని పెద్ద అక్షరాలు వచ్చాయి. ఎదుట కూర్చున్నది తొమ్మిదో తరగతి కుర్రవాడు. వెనుకనున్నవారు నవ్వారు. మరునాడు వాడు రాలేదు. యంత్రం అబద్ధం చెప్పలేదు, కానీ ఏ మాట ఎవరి ఎదుట చెప్పాలో దానికి తెలియదు. నేను మార్కెట్ యార్డు వరకు వెళ్లి, మూటల మధ్య వాళ్ల నాన్నను కలిసి, మూడుసార్లు బతిమాలి తీసుకువచ్చాను. ఆనాటి నుంచి ఆ అక్షరాలు వచ్చే చోట కాగితం ముక్క అంటించాం. అంత ఖరీదైన విజ్ఞానానికి మేము చేసిన సవరణ ఆ కాగితం ముక్కే.

పెనుకొండ సంగతి వేరు. తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఆ ఘనగిరి పాదాన, ఎర్రమంచి వద్ద 2019లో కార్ల కర్మాగారం పని మొదలుపెట్టింది. మన పిల్లలకు అక్కడ ఉద్యోగం కావాలి. 'స్వయం' వేదికలో పెద్ద పెద్ద విద్యాసంస్థల పాఠాలు ఉచితంగానే ఉన్నాయి. డిప్లొమా చదివిన ఒక యువకుడు ఉత్సాహంగా చేరి మూడో వారంలో మానేశాడు. ఇంగ్లీషు వేగం అందలేదు, అడగడానికి మనిషి లేడు. రెండోసారి అదే పాఠాన్ని, అదే ఫోనులో, ఆదివారాలు తన అద్దెగదిలోని పెద్దవాడొకరిని పక్కన కూర్చోబెట్టుకుని పూర్తి చేశాడు.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఉచితమని ఇంటికి వచ్చి, వాయిదాల కాగితం మీద సంతకం చేయించుకునేవారు ఉన్నారు. మా వీధిలో ఒక కుటుంబం పాప చదవని కోర్సుకు ఏడాదిపాటు డబ్బు కట్టింది. సంతకం పెట్టే ముందు బడిలోని ఉపాధ్యాయునికి ఒకసారి చూపించండి. ఫోను పిల్లలకు ఇచ్చి మీరు పక్క గదిలోకి వెళ్లకండి.

ఇక నా ప్రార్థన. ఈ క్షేత్రంలో నిత్యాన్నదానం జరుగుతున్నది. బియ్యం మూటలు ఇచ్చేవారితో పాటు కూరగాయలు తరిగేవారు, పొయ్యి దగ్గర నిలబడేవారు, వడ్డించేవారు, ఆకులు ఎత్తేవారు ఉన్నందువల్లనే యాత్రికుని ఆకలి తీరుతున్నది. కొత్తగా వచ్చిన ముసలమ్మ పప్పు అరగదంటే మజ్జిగన్నం వడ్డించేది మనిషే. చదువు విషయంలో మాత్రం మనం మూటలు దింపి వెళ్లిపోతున్నాం.

అందుచేత ట్యాబుల కోసం సమకూర్చిన సొమ్ములో నాలుగో వంతుతో మాత్రమే యంత్రాలు కొనమని, తక్కినదానితో మూడు పట్టణాలలోనూ ఒక్కొక్క గదిని నడపమని అడుగుతున్నాను. ప్రతి గదికి చదువుకున్న స్థానిక యువతి ఒకరిని నెల జీతంపై నియమించాలి. పంతులు పక్కన లేని రోజు కూడా ఆమె ఉండాలి. బ్యాటరీలు మార్చడానికి, ఇంటర్నెట్ బిల్లుకు, పగిలిన తెరలకు ఏటా కొంత పక్కన పెట్టాలి. పగులుతాయి, పిల్లలు వాడితే పగలకుండా ఎలా ఉంటాయి? దానికి ఎవరినీ సంజాయిషీ అడగబోమని ట్రస్టు రాసి ఇవ్వాలి. ఆ కాగితం ఒకటి ఆనాడు నా చేతిలో ఉండి ఉంటే ఆ తాళం పడేది కాదు. ధర్మవరం గది నుంచి నేతపేట వరకు సందులో దీపాలు లేవు. ఎనిమిదింటికి ఆడపిల్లలు ఇళ్లకు వెళ్లాలి. ఆ దీపాల ఖర్చును కూడా చదువు ఖర్చుగానే లెక్కించమని కోరుతున్నాను.

ఇలా చేస్తే దాతల పేర్లతో ఫొటోలు తీయడానికి తక్కువ పెట్టెలు ఉంటాయి. ఆ సంగతి నాకు తెలుసు. ఇరవై మంది దాతలకు ఇరవై పెట్టెలు చూపడం సులభం, ఒక యువతి నెల జీతంలో ఎవరి వాటా ఎంతో చూపడం కష్టం. ధర్మకర్తలు లెక్కలను ప్రతి నెలా ఈ పత్రికలోనే ప్రకటించవచ్చును. కావాలంటే ఆ లెక్కలు నేను రాసిపెడతాను, నాకు వచ్చిన విద్య అదొక్కటే.

మీరు అడుగుతారని తెలుసు కనుక చెబుతున్నాను. భిన్నాలు అడిగిన ఆ అమ్మాయి ఇంటర్మీడియట్ ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కి, ఇప్పుడు డిగ్రీ చదువుతున్నది. సాయంత్రాలు ఇప్పటికీ కండెలు చుడుతున్నది. ధర్మవరం గదికి జీతంపై మనిషిని నియమించే పక్షంలో మొదట ఆమెను అడగాలని నా కోరిక. నిర్ణయం మీది.

ఈ సభలో విశ్రాంత ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, వారానికి రెండు సాయంత్రాలు ఖాళీ ఉన్న గృహిణులు ఎవరైనా ఉంటే, ప్రసాదం స్వీకరించిన తరువాత కార్యాలయంలో పేరు, ఊరు రాసి వెళ్లండి. కంప్యూటరు రాకపోయినా ఫరవాలేదు, పిల్లలు నేర్పుతారు. కన్నడం వచ్చినవారు హిందూపురం పేరు పక్కన ఒక గీత గీయండి, అక్కడ అవసరం ఎక్కువ.

గంట మోగుతున్నది. నాకు ఇచ్చిన సమయం ముగిసింది.